సిమెంట్ పంపే ముందే మడ్ కదలాలి: కేసింగ్ వెనక మడ్‌ని పూర్తిగా తోసేయడం ఎలా

బావిలో దింపిన స్టీలు పైపు (కేసింగ్) వెనక సిమెంట్ నింపే జాబ్ చెడిందంటే అందరి వేలూ ముందు స్లర్రీ (నీళ్ళతో కలిపిన సిమెంట్) వైపే వెళ్తుంది. ల్యాబ్ రిపోర్టు తెప్పించండి, సాంద్రత చార్టు చూడండి, ఏ అడిటివ్ తేడా కొట్టిందో కనుక్కోండి అంటూ ఒకటే హడావిడి. నేను దగ్గరుండి చూసిన చెడ్డ జాబుల్లో చాలావరకు స్లర్రీ బాగానే ఉంది, కప్పులో తీసి పెట్టిన శాంపిల్ మర్నాటికి రాయిలా గట్టిపడింది కూడా. తప్పు ఎక్కడంటే, కేసింగ్‌కీ బావి గోడకీ మధ్య ఒక పక్క మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) కదలకుండా అలాగే కూర్చుంది, సిమెంట్ దాన్ని తోయలేక పక్కనుంచి దారి చూసుకుని పైకి పోయింది. అలా మిగిలిపోయిన మడ్ చారనే మడ్ చానల్ అంటాం. రేపు గ్యాస్ పైకి పాకేది, కేసింగ్ వెనక ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా (వాల్వ్ తెరిచి వదిలేసినా) తగ్గని ప్రెజర్ వచ్చేది ఆ చారలోంచే.

కొత్తగా సిమెంటింగ్‌లోకి వచ్చినవాళ్ళకీ, రిగ్ మీద పగలూ రాత్రీ ఉంటూ ఈ జాబ్ చూడాల్సిన డ్రిల్లింగ్ ఇంజినీర్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మడ్ బరువు, ఫ్రాక్చర్ ప్రెజర్ లాంటి మాటలు మీకు తెలుసనే అనుకుంటున్నాను.

లెక్కలకి ఒక ఉదాహరణ బావి పెట్టుకుందాం. లోతు 9,000 అడుగులు, నిటారు బావి, హోల్ 8.5 అంగుళాలు, కేసింగ్ 7 అంగుళాలు, దాని లోపలి వ్యాసం 6.184 అంగుళాలు, మడ్ 10 పీపీజీ (గ్యాలన్‌కి పౌండ్లు). పైన పాత కేసింగ్ ఉంటుంది గానీ సులువుగా ఉండటానికి పైదాకా అదే వెడల్పు అనుకుందాం. అంగుళాల్లో వ్యాసాన్ని వర్గం చేసి 1029.4తో భాగిస్తే అడుగుకి ఎన్ని బ్యారెళ్ళో వస్తుంది, యాన్యులస్‌కైతే (కేసింగ్‌కీ బావి గోడకీ మధ్య ఖాళీ) పెద్ద వర్గంలోంచి చిన్న వర్గం తీసేసి భాగించాలి. ఇక్కడ యాన్యులస్ అడుగుకి 0.0226 బ్యారెళ్ళు, కేసింగ్ లోపల 0.0371 బ్యారెళ్ళు. అంటే యాన్యులస్ మొత్తం 203 బ్యారెళ్ళు, కేసింగ్ లోపల 334. ఈ అంకెలతోనే కింద పని.

ఇరుకు వైపు ఏం జరుగుతుంది

కేసింగ్ హోల్‌కి సరిగ్గా మధ్యలో ఉంటే చుట్టూ 0.75 అంగుళం ఖాళీ ఉంటుంది. నిజం బావిలో అది ఎప్పుడూ మధ్యలో ఉండదు, ఏదో ఒక గోడకి ఒరుగుతుంది. కేసింగ్ ఎంత మధ్యలో ఉందో చెప్పే కొలత స్టాండాఫ్, సరిగ్గా మధ్యలో ఉంటే 100 శాతం. అది 67 శాతం అంటే ఇరుకు వైపు అర అంగుళం, ఎదురు వైపు ఒక అంగుళం. స్టాండాఫ్ 20 శాతానికి పడిపోతే ఇరుకు వైపు 0.15 అంగుళం, వెడల్పు వైపు 1.35. ఇప్పుడు ఈ రెండింటికీ తేడా చూడండి. మామూలు పలచటి ద్రవం నెమ్మదిగా పారుతున్నప్పుడు వేగం దాదాపు ఖాళీ వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మొదటి దాంట్లో వెడల్పు వైపు ద్రవం ఇరుకు వైపు కంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది, రెండో దాంట్లో 81 రెట్లు. అది నీళ్ళలాంటి ద్రవానికి. మడ్‌కి జెల్ ఉంటుంది, అంటే ఆగితే గడ్డకడుతుంది, కొంత బలం దాటి తోస్తే గానీ అసలు కదలదు. గోడ మీద పడే ఆ తోపు కూడా ఖాళీ ఎంత సన్నగా ఉంటే అంత తగ్గిపోతుంది. దాంతో ఇరుకు వైపు మడ్ నిమిషానికి ఒక్క అడుగు కూడా ముందుకి జరగకుండా, పైన మీరు ఎంత పంప్ చేస్తున్నా చూస్తూ కూర్చుంటుంది.

కింద చెప్పబోయేవన్నీ ఈ ఇరుకు వైపు కోసమే. దాన్ని వెడల్పు చేయాలి, అక్కడి మడ్ జెల్ విరగ్గొట్టాలి, పైపు తిప్పి దాన్ని కదిలించాలి, వెనక సరైన ద్రవాన్ని పంపాలి. ఏది తప్పినా మిగతావాటి మీద భారం పెరుగుతుంది.

సెంట్రలైజర్లు

కేసింగ్‌ని మధ్యలో నిలపడానికి దాని చుట్టూ తొడిగేవి ఇవి. ఎన్ని వేయాలో "ఎప్పుడూ వేసేన్ని" అని తేల్చేయకండి. అసలు సర్వే (బావి వంపుల కొలత), అసలు కేలిపర్ (హోల్ వెడల్పు కొలత) పెట్టి స్టాండాఫ్ లెక్క వేయించండి. ప్లాన్ దశలో గీసిన నున్నటి ట్రాజెక్టరీ పెడితే సాఫ్ట్‌వేర్ అందమైన గ్రాఫ్ ఇస్తుంది గానీ అది మీ బావి కాదు. 67 శాతం అనేది కనీసం అనుకోండి, సీల్ కావాల్సిన జోన్ పైనా కిందా 80 దాకా రప్పించడానికి ప్రయత్నించండి. ఆ జోన్ ఉన్నచోట జాయింట్‌కి (ఒక్కో కేసింగ్ పైపుకి) ఒకటి చొప్పున వేయడం చాలా బావుల్లో మామూలే, వంపు ఎక్కువైతే అంతకంటే ఎక్కువ కూడా పడతాయి. హోల్ పెద్దగా కోసుకుపోయిన చోట గట్టి రకం సెంట్రలైజర్ గోడకి అందదు, అక్కడ విల్లులా వంగే బో స్ప్రింగ్ రకమే పనిచేస్తుంది. స్టాప్ కాలర్లు బిగించారో లేదో కళ్ళతో చూడండి, జారిపోయి నాలుగు సెంట్రలైజర్లు ఒకేచోట కుప్పపడితే కాగితం మీది స్టాండాఫ్ అంతా వృథా.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకొండో బావి పేలి 11 మంది చనిపోయారు. ఆ బావి ఆఖరి కేసింగ్‌కి 21 సెంట్రలైజర్లు కావాలని లెక్క చెప్పింది, దిగినవి ఆరు. సిమెంట్‌కి ముందు పూర్తి బాటమ్స్ అప్‌కి (అడుగున ఉన్న మడ్ పైకి వచ్చేదాకా తిప్పడానికి) దాదాపు 2,760 బ్యారెళ్ళు తిప్పాల్సి ఉండగా, మడ్ లాసెస్ (మడ్ చుట్టూ ఉన్న రాతిలోకి పోవడం) వస్తాయన్న భయంతో దాదాపు 350 దగ్గరే ఆపేశారు. ఆ ప్రమాదానికి ఇదొక్కటే కారణం కాదు, ఫోమ్ సిమెంట్ స్థిరత్వం గురించీ నెగటివ్ ప్రెజర్ టెస్ట్‌ని (లోపలి ప్రెజర్ తగ్గించి బావి పారుతుందా అని చూసేది) తప్పుగా చదవడం గురించీ విచారణలో చాలా వచ్చింది. అయినా లాసెస్ భయం పట్టుకున్నప్పుడు మనుషులు మొదట కోసేది సర్క్యులేషన్‌నే అని నాకు ఆ రిపోర్టు చదివినప్పుడల్లా అనిపిస్తుంది, ఎందుకంటే అలాంటి నిర్ణయం జరిగే గదిలో నేనూ కూర్చున్నాను.

మడ్ కండిషనింగ్

ఈ ఒక్క భాగం మీరు గుర్తుపెట్టుకుంటే చాలు, నేను ఇదంతా రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఒక చిన్న పరీక్ష చెప్తాను, ఏ రిగ్ మీదైనా చేయొచ్చు. మడ్ ఇంజినీర్ దగ్గర విస్కోమీటర్ కప్పులో మడ్ పోసి, బాగా తిప్పి, కదపకుండా అరగంట వదిలేయండి. తర్వాత కప్పుని నెమ్మదిగా వంచండి. మంచి మడ్ అయితే కొంచెం ఆగి, ఒక్కసారిగా జారి పారుతుంది. చెడ్డదైతే కప్పు దాదాపు పడుకునేదాకా కదలదు, తర్వాత ముద్దగా ఒక పక్క నుంచి ఊడి వస్తుంది, మిగతాది కప్పు గోడని అంటుకునే ఉంటుంది. బావి అడుగున, వేడిలో, 0.15 అంగుళం సందులో, కేసింగ్ దింపుతున్నంతసేపూ కదలకుండా ఉన్న మడ్ ఇంతకంటే మొండిగా ఉంటుంది. కప్పులో చూసిన తర్వాత ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి పని కేసింగ్ దింపకముందే మొదలవ్వాలి. డ్రిల్ పైపు కింద ఉండగానే మడ్‌ని పలచబరచండి, ఎందుకంటే అప్పుడు పైపు తిప్పగలరు, హోల్ క్లీన్ చేయగలరు, తేడా వస్తే సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది. బావి స్థిరత్వం, కటింగ్స్ (తవ్విన రాతి ముక్కలు) మోయడం ఒప్పుకున్నంతలో యీల్డ్ పాయింట్‌ని (మడ్ కదలడానికి కావాల్సిన తోపు) 100 చదరపు అడుగులకి 10 పౌండ్ల కంటే కిందికి తేవడం మంచి లక్ష్యం. జెల్ అంకెల్లో 10 సెకన్లది, 10 నిమిషాలది, 30 నిమిషాలది మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. 10 నిమిషాలకీ 30 నిమిషాలకీ పెద్ద తేడా లేకపోతే బాగుంది, ఎక్కుతూనే పోతుంటే ఆ మడ్‌తో కేసింగ్ దింపొద్దు. ఫిల్టర్ లాస్ (మడ్‌లోంచి రాతిలోకి ఇంకే నీరు) కూడా అదుపులో ఉండాలి, లేకపోతే ఇసుక జోన్ల దగ్గర మందంగా కేక్ పేరుకుంటుంది, దాని పక్కన నీళ్ళు వదిలేసిన మడ్ సగం గట్టిపడి ఉంటుంది, అదే అన్నిటికన్నా మొండి సరుకు.

కేసింగ్ దింపుతూ మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగి సర్క్యులేషన్ తెరవండి. ఒక్కసారే అడుగుకి వెళ్ళి పంపు గట్టిగా కొడితే, జెల్ విరగడానికి కావాల్సిన ప్రెజర్ అంతా ఫార్మేషన్ మీద పడి పగిలిపోవచ్చు. అడుగుకి చేరాక కూడా పంపు అతి నెమ్మదిగా మొదలుపెట్టి, ప్రెజర్ కుదురుకున్నాక ఒక్కో మెట్టూ పెంచుకుంటూ వెళ్ళాలి.

ఎంతసేపు తిప్పాలి? కనీసం ఒక బాటమ్స్ అప్, నా లెక్కలో రెండు. మన ఉదాహరణలో నిమిషానికి 6 బ్యారెళ్ళతో ఒక బాటమ్స్ అప్‌కి 34 నిమిషాలు పడుతుంది, కేసింగ్ లోపలిది కూడా కలిపి పూర్తి సర్క్యులేషన్ అయితే గంటన్నర. గడియారం ఒక్కటే చూడకండి. లోపలికి వెళ్ళే మడ్, బయటికి వచ్చే మడ్ బరువూ విస్కాసిటీ ఒకటయ్యాయా, గ్యాస్ తగ్గిందా, షేకర్ (మడ్ వడకట్టే జల్లెడ) మీద కటింగ్స్ ఆగాయా, ఇవన్నీ ఔనంటేనే ఆపండి. వీలైతే మడ్‌లో ట్రేసర్ (గుర్తుపట్టగలిగే పదార్థం) వేసి అది తిరిగి వచ్చే సమయం కొలవండి. కేలిపర్ ప్రకారం హోల్‌లో 200 బ్యారెళ్ళు ఉండాల్సింది, ట్రేసర్ 150 బ్యారెళ్ళకే వచ్చేసిందంటే మిగతా 50 బ్యారెళ్ళ మడ్ ఎక్కడో నిలబడిపోయింది. అదే మీరు సిమెంట్‌తో తోయలేని మడ్. హోల్‌లో 95 శాతం మడ్ కదులుతోందని తేలేదాకా నేను సిమెంట్ యూనిట్ వైపు చూడను.

ఒక రాత్రి నేను చూశాను. కేసింగ్ అడుగుకి చేరింది, రిటర్న్స్ (పైకి తిరిగొచ్చే మడ్) బాగున్నాయి, షేకర్ మీద ఇంకా సన్నటి కటింగ్స్ వస్తున్నాయి. తర్వాతి పనికి ఆలస్యమవుతోందని నలభై నిమిషాలకే సర్క్యులేషన్ ఆపించారు. తర్వాత సిమెంట్ హెడ్ (కేసింగ్ పైన బిగించే తల) బిగించడంలో ఒక వాల్వ్ మొరాయించి, లైన్ ప్రెజర్ టెస్ట్ రెండోసారి చేయాల్సొచ్చి, మడ్ మొత్తం గంటకి పైగా కదలకుండా ఉండిపోయింది. జాబ్ నడిచినంతసేపూ చార్టు ముచ్చటగా ఉంది, ప్లగ్ బంప్ అయింది (అడుగున వచ్చి కూర్చుంది), అందరూ చేతులు కలుపుకున్నారు. బాండ్ లాగ్‌లో (సిమెంట్ అతుక్కుందా అని చూసే కొలత) జోన్ ఎదురుగానే, ఒక పక్కన, పై నుంచి కిందిదాకా సిమెంట్ లేని చార. స్క్వీజ్ (కేసింగ్‌కి రంధ్రాలు చేసి సిమెంట్ ఒత్తడం) చేశారు, పట్టలేదు, మళ్ళీ చేశారు. ఆదా చేసిన గంట అలా చాలా రోజుల పని అయి కూర్చుంది. నేను ఆ రాత్రి ఇంకో గంట తిప్పుదామని గట్టిగా అడగలేదు, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రాత్రి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. సిమెంట్ లైన్లు సర్క్యులేషన్ నడుస్తుండగానే టెస్ట్ అయిపోవాలి, స్పేసర్ (మడ్‌కీ సిమెంట్‌కీ మధ్య పంపే ద్రవం) కలిపి సిద్ధంగా ఉండాలి, సిమెంట్ హెడ్ బిగించడానికి పంపు ఆపితే నిమిషాలు లెక్కపెట్టాలి. ఆగిన ప్రతి నిమిషం జెల్ మళ్ళీ ఎక్కుతుంది. ఏదైనా అడ్డొచ్చి అరగంట దాటితే మళ్ళీ కొంచెం తిప్పి అప్పుడు మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

పైపుని కదపడం

స్టాండాఫ్ సరిగా లేనిచోట ఇరుకు వైపు మడ్‌ని కదిలించగలిగేది పైపు కదలికే. కేసింగ్ తిరుగుతుంటే అంటుకున్న మడ్‌ని ఇరుకు సందులోంచి వెడల్పు వైపుకి లాక్కెళ్తుంది, పంపు చేయలేని పని అది. నిమిషానికి 10 నుంచి 25 చుట్లు చాలు, త్రెడ్ టార్క్ లిమిట్ మాత్రం ముందే రాసి డ్రిల్లర్ ముందు అంటించండి. తిప్పడం కుదరకపోతే పైకీ కిందికీ 20 నుంచి 40 అడుగుల స్ట్రోక్‌తో ఆడించండి, ఒకసారి పైకెళ్ళి కిందికి రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టేలా. వేగం పెంచితే సర్జ్ ప్రెజర్‌తో ఫార్మేషన్ పగలొచ్చు, పైకి లాగేటప్పుడు స్వాబ్ అవ్వొచ్చు (అడుగున ప్రెజర్ తగ్గిపోవచ్చు). డ్రాగ్ పెరుగుతున్నట్టు కనిపిస్తే పైపుని అడుగున సరైన లోతులో పెట్టి ఆపేయండి, మధ్యలో ఇరుక్కుంటే హ్యాంగర్ (కేసింగ్‌ని పైన వేలాడదీసేది) కూర్చోదు.

కదలిక సర్క్యులేషన్ మొదలైనప్పటి నుంచి ఉండాలి, సిమెంట్ పైకి వెళ్తున్నంతసేపూ కూడా ఉండాలి. సిమెంట్ పంప్ మొదలెట్టగానే "ఇక చాలు" అని ఆపేస్తారు చాలామంది, నిజానికి అప్పుడే అది ఎక్కువ అవసరం.

స్పేసర్

మడ్, సిమెంట్ ఒకదాన్నొకటి తాకకూడదు. బెంటోనైట్ మడ్‌లో సిమెంట్ నుంచి వచ్చే కాల్షియం పడిందంటే రెండూ కలిసి ముద్ద కడతాయి. రెండు ద్రవాలూ విడివిడిగా పారుతుంటాయి, కలిసినచోట మాత్రం పంపు తోయలేని మట్టి ముద్ద తయారవుతుంది. ఆయిల్ బేస్ మడ్ అయితే ఇంకో తలనొప్పి, కేసింగ్ మీదా గోడ మీదా నూనె పొర ఉండిపోయి సిమెంట్ అసలు అతుక్కోదు, అందుకని స్పేసర్‌లో సర్ఫాక్టెంట్ ఉండి ఉపరితలాన్ని నీళ్ళతో తడిసేలా మార్చాలి.

ల్యాబ్ చేయాల్సిన కంపాటిబిలిటీ టెస్ట్ మీ బావి నుంచి తెచ్చిన మడ్‌తోనే జరగాలి. మడ్, స్పేసర్ 95కి 5, 75కి 25, సగం సగం, 25కి 75, 5కి 95 నిష్పత్తుల్లో కలిపి బావి వేడిలో విస్కాసిటీ చూస్తారు, స్పేసర్, సిమెంట్ కూడా అలాగే. ఏదైనా మిశ్రమం రెండింటి కంటే చిక్కగా వచ్చిందంటే ఆ స్పేసర్ పనికిరాదు. ల్యాబ్‌లో కలిపిన కొత్త మడ్‌తో చేసిన టెస్ట్ మీద నాకు నమ్మకం లేదు, రిగ్ మీది మడ్‌లో వారాల తరబడి మట్టి, రకరకాల కెమికల్స్ కలిసి ఉంటాయి.

ఎంత స్పేసర్? సీల్ కావాల్సిన జోన్ దగ్గర పది నిమిషాలైనా స్పేసర్ పారుతూ ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. నిమిషానికి 6 బ్యారెళ్ళయితే 60 బ్యారెళ్ళు, అది మన యాన్యులస్‌లో దాదాపు 2,650 అడుగుల ఎత్తు.

వరుస విషయంలో రెండు మెట్లు ఉండాలి. ఒకటి బరువు, వెనక వచ్చేది ముందున్న దాని కంటే కనీసం పది శాతం బరువుగా ఉండాలి. మనకి మడ్ 10, స్పేసర్ 11.5, సిమెంట్ 15.8 పీపీజీ. నిటారు బావిలో బరువైనది కిందనుంచి తేలికదాన్ని పైకి ఎత్తుతుంది, తిరగబడితే జారి కలిసిపోతుంది. రెండోది రాపిడి, పంప్ చేసే రేటు దగ్గర వెనకది ముందుదాని కంటే ఎక్కువ రాపిడి ప్రెజర్ ఇవ్వాలి, ఇరవై శాతం తేడా ఉంటే మంచిది. అంటే పలచటిది ఎప్పుడూ చిక్కటి దాని వెనక రాకూడదు, వస్తే దాన్ని చీల్చుకుని దూసుకుపోతుంది.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది, స్పేసర్ ముందు నీళ్ళలాంటి వాష్ పంపుతారు, అది సుడులు తిరుగుతూ పారి జెల్‌ని బాగా కడుగుతుంది. దాని బరువు మాత్రం మర్చిపోవద్దు. 8.4 పీపీజీ వాష్ 20 బ్యారెళ్ళు మన యాన్యులస్‌లో 885 అడుగులు ఆక్రమిస్తుంది, 10 పీపీజీ మడ్ స్థానంలో అది ఉంటే అడుగున దాదాపు 74 పీఎస్‌ఐ తగ్గుతుంది. గ్యాస్ జోన్ ప్రెజర్‌కీ మడ్ ప్రెజర్‌కీ తేడా తక్కువ ఉంటే ఆ 74 చాలు, బావి పారడం మొదలెట్టడానికి.

అడుగున ప్రెజర్ లెక్క

ముందే వేయాలి. పని అయ్యేసరికి యాన్యులస్‌లో 3,000 అడుగుల సిమెంట్, పైన 2,650 అడుగుల స్పేసర్, మిగతా 3,350 అడుగుల మడ్ ఉంటాయనుకోండి. 0.052తో గుణిస్తే 2,465, 1,585, 1,742, మొత్తం దాదాపు 5,790 పీఎస్‌ఐ, 9,000 అడుగుల దగ్గర 12.4 పీపీజీకి సమానం. 10 పీపీజీ మడ్‌తో తవ్విన బావికి ఇప్పుడు 12.4, పైగా పారేటప్పటి రాపిడి అదనం. ఫ్రాక్చర్ అంతకంటే ఎక్కువ లేకపోతే సిమెంట్‌ని తేలిక చేయాలి, ఎత్తు తగ్గించాలి, లేదా రెండు దశల్లో వేయాలి. రేటు తగ్గించి సరిపెట్టుకుందాం అనేది ఆఖరి ఆలోచన, రేటు తగ్గితే ఇరుకు వైపు మడ్ ఇంకా మొండికేస్తుంది.

సుడులు తిరిగే పారుదల మంచిదని అందరూ చెప్తారు, నిజమే. అయితే వెడల్పు వైపు సుడులు తిరిగి ఇరుకు వైపు నెమ్మదిగా పాకుతుంటే లాభం లేదు, లెక్క ఇరుకు వైపు కోసం వేయించండి. బరువైన ద్రవాలతో అది చాలాసార్లు సాధ్యం కాదు, అప్పుడు బరువు, రాపిడి మెట్లని నమ్ముకుని నెమ్మది పారుదలలోనే, బావి ఒప్పుకున్నంత గరిష్ఠ రేటులో తోయండి.

హారిజాంటల్ బావిలో బరువు తేడా మీకు సాయపడదు, కిందికి జారి ఎదురు తిరుగుతుంది. బరువైన సిమెంట్ అడుగు పక్కన పరిగెడుతుంది, పైపక్కన మడ్ మిగులుతుంది, పైగా కటింగ్స్ అడుగున పరుపులా పేరుకుని ఉంటాయి. అక్కడ సెంట్రలైజర్లూ పైపు తిప్పడమూ మీద ఎంత ఖర్చు పెట్టినా తక్కువే.

ప్లగ్‌లు, తోయడం

కేసింగ్ లోపల ద్రవాలు కలవకుండా ప్లగ్‌లు వాడటం 1910 ప్రాంతంలో కాలిఫోర్నియాలో పెర్కిన్స్ మొదలెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. కింది ప్లగ్‌కి మధ్యలో పలచటి పొర ఉంటుంది, ఫ్లోట్ కాలర్ (కేసింగ్‌లో కింద ఉండే, ద్రవాన్ని వెనక్కి రానివ్వని వాల్వ్) మీద కూర్చోగానే పగిలి దారిస్తుంది. పై ప్లగ్ గట్టిది, పగలదు. రెండూ తారుమారయితే సిమెంట్ మొత్తం కేసింగ్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి హెడ్‌లో ఎక్కించేటప్పుడు మీరే దగ్గరుండి చూడండి. స్పేసర్ ముందు ఒకటి, సిమెంట్ ముందు ఒకటి, రెండు కింది ప్లగ్‌లు వాడగలిగితే మరీ మంచిది.

సిమెంట్ బరువుగా ఉండి కేసింగ్‌లో తనంత తానే పడిపోతుంది, అప్పుడు హెడ్ దగ్గర ప్రెజర్ సున్నా అవుతుంది, రిటర్న్స్ మీరు పంపినదాని కంటే ఎక్కువ వస్తాయి. కాసేపటికి సమానం అవుతుంటే రిటర్న్స్ తగ్గిపోతాయి, కొన్నిసార్లు దాదాపు ఆగినట్టే ఉంటుంది. కొత్తవాళ్ళు లాసెస్ అని టెన్షన్ పడి పంపు తగ్గించేస్తారు. ముందే సిమ్యులేషన్ గ్రాఫ్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి, ఏ బ్యారెల్ దగ్గర తగ్గాలో తెలిస్తే కంగారు ఉండదు.

తోయాల్సిన పరిమాణం ఒక్కదాంట్లో నేను ఎవరినీ నమ్మను. మన ఫ్లోట్ కాలర్ 8,920 అడుగుల దగ్గర ఉంటే 331 బ్యారెళ్ళు పంపాలి. కాలర్ నుంచి షూ (కేసింగ్ అడుగు చివర) దాకా 80 అడుగుల్లో, అంటే షూ ట్రాక్‌లో, పట్టేది మూడు బ్యారెళ్ళే. రిగ్ పంపు ఎఫిషియెన్సీ రెండు శాతం తప్పు అంచనా వేస్తే తేడా ఆరున్నర బ్యారెళ్ళు, ప్లగ్ పట్టకపోతే షూ ట్రాక్‌లో సిమెంట్ మొత్తం బయటికి పోయి, షూ చుట్టూ మడ్ మిగులుతుంది. అందుకే సిమెంట్ యూనిట్ కొలత ట్యాంకులతో తోయండి, స్ట్రోక్ లెక్కని పక్కన సాక్ష్యంగా పెట్టుకోండి. లెక్క పూర్తయినా ప్లగ్ బంప్ కాకపోతే షూ ట్రాక్‌లో సగం, అంటే ఇక్కడ ఒకటిన్నర బ్యారెల్, అంతకు మించి ఒక్క చుక్క కూడా పంపొద్దు.

ఆఖరి 15, 20 బ్యారెళ్ళు నిమిషానికి రెండు మూడు బ్యారెళ్ళకి తగ్గించండి. ఆ నెమ్మది రేటు దగ్గర ప్రెజర్ చూడండి, మన లెక్కలో సిమెంట్ ఎత్తడానికి 905, స్పేసర్‌కి 207, రాపిడి కాకుండా దాదాపు 1,110 పీఎస్‌ఐ ఉండాలి. చాలా తక్కువుంటే సిమెంట్ పైకి రాలేదు, ఎక్కడో పోయింది. అనుకున్నదాని కంటే ఎక్కువుంటే సంబరపడకండి, చానల్ అయిన సిమెంట్ సన్నగా ఎక్కువ ఎత్తుకి పాకినప్పుడు కూడా ప్రెజర్ ఎక్కువే కనిపిస్తుంది. బంప్ అయ్యాక 500 పీఎస్‌ఐ అదనంగా పెంచి, పట్టి ఉంచి, నెమ్మదిగా వదిలి వెనక్కి ఎంత వచ్చిందో కొలవండి. ఒకటి రెండు బ్యారెళ్ళు వచ్చి ఆగితే ఫ్లోట్ పట్టింది.

ఆగకుండా వస్తూనే ఉంటే వాల్వ్ మూసి, ప్రెజర్ పట్టుకుని, సిమెంట్ గట్టిపడేదాకా అలాగే ఉంచండి. వెనక్కి వచ్చిందాన్ని మళ్ళీ లోపలికి తోసేయడం చాలా మందికి సహజంగా తడుతుంది, అదే పెద్ద తప్పు. 2009 ఆగస్టులో తిమోర్ సముద్రంలో పేలిన మోంటారా బావిలో ఫ్లోట్ పట్టక వచ్చిన ద్రవాన్ని తిరిగి పంప్ చేయడంతో షూ దగ్గర సిమెంట్ చెడిపోయిందని విచారణలో తేలింది, ఆ తర్వాత ఆ షూ సరిగా టెస్ట్ కాలేదు.

జాబ్ అయిపోయాక అలసటతో ఎవరికీ రాయాలనిపించదు, అయినా అప్పుడే రాయండి. సర్క్యులేషన్‌లో తిప్పిన మొత్తం బ్యారెళ్ళు, పంపు ఆగినప్పటి నుంచి స్పేసర్ మొదలయ్యేదాకా పట్టిన నిమిషాలు, పైపు కదలిక ఏ బ్యారెల్ దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది. బాండ్ లాగ్ వచ్చిన రోజు ఈ కాగితాన్ని పక్కన పెట్టుకుని చదవండి, లాగ్‌లో చార కనిపిస్తే దానికి కారణం చాలాసార్లు ఆ కాగితం మీదే ఉంటుంది.